గీతలోను దేవుని పిలుపే

“బొమ్మలు గీస్తే కూడు పెడుతుందా, అయ్యగారూ?” అని మా సంఘములోని ఒక తల్లి కన్నీళ్లతో అడిగింది. ఆమె కుమారుడు టౌనులో ఫ్లెక్సీలు, శుభలేఖలు కంప్యూటరు మీద డిజైను చేయుచున్నాడు. పేరున్న కంపెనీ గుర్తును కొంచెము మార్చి వేయమని ఒకరు అడుగగా, అతడు ఒప్పుకొనలేదు. బేరము పోయినది.

ప్రియులారా, నిర్గమకాండము 31వ అధ్యాయము చదవండి. గుడారపు పనికి బెసలేలును దేవుడే ఏర్పరచుకొనెను. చేతిపని కూడ ఆత్మ వరమే.

విటెన్‌బర్గ్ చిత్రకారుడు లూకాస్ క్రానాక్‌ను తలంచండి. 1522లో లూథరు జర్మను క్రొత్త నిబంధన వెలువడినప్పుడు, ప్రకటన గ్రంథమునకు 21 చెక్క అచ్చు బొమ్మలను ఆయన పనిశాల సిద్ధపరచెను. 1508లో సాక్సనీ ఎలెక్టరు ఇచ్చిన రెక్కల పాము చిహ్నమే ఆయన సంతకమాయెను. నేడు దానినే బ్రాండ్ అంటున్నారు.

యౌవనులారా, గుర్తు గీయుట ఒక దినపు పని; దానికి నమ్మకము తెచ్చుట ఏండ్ల పని. ఇతరుల డిజైను దొంగిలించకండి. అక్షర దోషములు దిద్దండి. చెప్పిన రోజుకు ఇవ్వండి. మంచి పనులను ఒక ఆల్బములో దాచి చూపండి.

ఆ తల్లితో నేనన్నాను: “అమ్మా, నీ బిడ్డ బేరము పోగొట్టుకొన్నాడు గాని పేరు పోగొట్టుకొనలేదు. సామెతలు 22:1 చదివి, అతని కొరకు ప్రార్థించు.”