చాపనేత, చేపముల్లు: ఒక అరుదైన చర్మ సార్కోమా సూక్ష్మరూపాలు

డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యూబరన్స్ చర్మపు లోపొరలో పుట్టి నెమ్మదిగా పెరిగే అరుదైన క్యాన్సర్. సూక్ష్మదర్శినిలో దీని కదురు ఆకారపు కణాల అమరిక చాపనేతను తలపిస్తుంది. దానికి వైద్యులు వాడే ‘స్టోరిఫామ్’ అనే మాటకు మూలం చాప అనే అర్థంగల లాటిన్ పదమే. కణాలు చర్మం కింది కొవ్వులోకి చొచ్చుకొనిపోయిన చోట తేనెపట్టు రూపం ఏర్పడుతుంది. పైకి కనిపించే గడ్డను మాత్రమే తొలగిస్తే వ్యాధి తిరగబెట్టడానికి ఈ చొరబాటే ప్రధాన కారణం.

అన్ని కణితులూ ఈ నమూనాకు లోబడవు. జిగురు పదార్థం నిండిన మిక్సాయిడ్ రూపంలో చాపనేత చెదిరిపోతుంది. బెడ్నార్ కణితిలో మెలనిన్ నిండిన కణాలు కలుస్తాయి. కణాలు చేపముల్లువలె దట్టంగా బారులు తీరడం ఫైబ్రోసార్కోమాగా మారుతున్నదనడానికి సూచన. అప్పుడు ఇతర అవయవాలకు వ్యాపించే ప్రమాదం పెరుగుతుంది. రూపం సందేహాస్పదమైనప్పుడు కాల్1ఏ1, పీడీజీఎఫ్‌బీ జన్యువుల కలయికను గుర్తించే పరీక్ష నిర్ధారణకు తోడ్పడుతుంది.