మోదుగు పూసే వారం ఏది?

జపాన్‌లో చెర్రీ పూలు చూడాలనుకునేవాళ్లు విమానం టికెట్టు కంటే ముందు తేదీ కోసం తంటాలు పడతారు. టోక్యోలోని యాసుకుని ఆలయ ఆవరణలో ఓ గుర్తు చెట్టుంది. వాతావరణ శాఖ వాళ్లు దానికి ఐదారు పూలు విచ్చుకోవడం కళ్లారా చూశాకే ఊళ్లో 'సకురా' మొదలైందని ప్రకటిస్తారు. మరో వారానికి చెట్లన్నీ నిండుగా పూస్తాయి. ఆపైన ఓ గాలివాన చాలు, అంతా నేలపాలు! పైగా ఆ వారం ఏటా ఒకలా ఉండదు. క్యోటోలో 2021లో మార్చి 26కే పూలు నిండిపోయాయి. అక్కడి 1200 ఏళ్ల లెక్కల్లో అప్పటిదాకా అంత తొందరగా ఎన్నడూ పూయలేదు.

అంత దూరం, అంత ఖర్చు అందరి వల్లా అయ్యేది కాదు. కానీ కరీంనగర్‌లో పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరేంత దూరంలోనూ ఓ పూల కాలం ఉంది. అది మోదుగు పూసే కాలం.

ఆకంతా రాల్చేసి మోడులా నిలబడ్డ చెట్టు, ఫిబ్రవరి రెండో సగం వచ్చేసరికి కొమ్మకొమ్మకీ నిప్పంటుకున్నట్టు ఎర్రబడుతుంది. అదే సమయానికి చుట్టూ టేకు చెట్లూ ఆకు రాల్చి బోసిగా ఉంటాయి కాబట్టి ఆ ఎరుపు ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. పువ్వు చిలక ముక్కులా వంకీ తిరిగి ఉంటుంది. 'ఇది చిలకా ఏమిటి?' అన్నట్టుండే 'కింశుకం' అనే సంస్కృతం పేరు అందుకే వచ్చిందంటారు. వాసన మాత్రం ఉండదు. తేనె ఉంటుంది! గోరింకలు, చిలకలు, తేనెపిట్టలు, ఉడతలు... పొద్దున ఏడింటికి ఒక్క చెట్టు కింద నిలబడితే పిల్లలకు అదే పెద్ద జూ.

హోలీని నమ్ముకోవద్దు

మోదుగు అనగానే కాముని పున్నమ గుర్తొస్తుంది. అప్పుడే వెళదాంలే అనుకుంటారు చాలామంది. చిక్కంతా అక్కడే. పండగ చంద్రుణ్ని బట్టి నడుస్తుంది. 2024లో హోలీ మార్చి 25న వచ్చింది. 2025లో 14కి, 2026లో మార్చి 3 నాటి పున్నమికి జరిగింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి 2027లో మళ్లీ మార్చి 22కి వెళుతుంది. చెట్టుకు అధికమాసాలతో పనేముంది? హోలీ ముందుగా వచ్చిన ఏడు పండగా పూలూ కలుస్తాయి. ఆలస్యమైన ఏడు పండగనాటికి చాలా చెట్ల కింద వాడిన రేకులే మిగులుతాయి. అందుకే హోలీ ఎప్పుడొచ్చినా సరే, ఫిబ్రవరి ఆఖరు ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం లోపు ఓ రోజు ఎంచుకోవడం మేలు.

ఓ విషయంలో మాత్రం జపాన్ వాళ్లకంటే ఇక్కడివాళ్లదే అదృష్టం. అక్కడ ఎక్కువగా కనిపించే 'సోమెయ్ యోషినో' రకం చెట్లన్నీ అంటు కట్టి పెంచినవే. ఒకేసారి పూస్తాయి, ఒకేసారి రాలుతాయి. మోదుగు గింజ పడి మొలిచేది. ఏ చెట్టు తీరు దానిదే. ఒకటి రాలుస్తుంటే పక్కది మొగ్గలతో ఉంటుంది. ఓ వారం అటూ ఇటూ అయినా వట్టి చేతులతో తిరిగి రానక్కర్లేదు. ఇంట్లో ఇంటరో పదో తరగతో పరీక్షలు రాసేవాళ్లుంటే మాత్రం ముందు వాళ్ల టైంటేబుల్ చూసుకోవాల్సిందే.

దారి ఇలా...

కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే లక్షెట్టిపేట వస్తుంది. అక్కణ్నుంచి జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి దారి పట్టాలి. జన్నారం దగ్గరున్న కవ్వాల్ అడవి 2012లో పులుల రిజర్వు అయింది. మోదుగు కోసం అడవి లోపలికి వెళ్లాల్సిన పనిలేదు. దట్టమైన టేకు మధ్యలో కంటే అడవి అంచుల్లో, బీళ్లలో, చేల గట్ల మీదే అది ఎక్కువ. రోడ్డు పక్కన బండి ఆపుకుని చూడొచ్చు. పనిలో పనిగా కుంటాల జలపాతం కూడా చూసేద్దామనుకుంటే నిరాశే. మార్చికి నీళ్లు బాగా తగ్గిపోతాయి. దాన్ని వానాకాలానికి ఉంచుకోవాలి. తాగునీళ్లు, టోపీలు, పొద్దుటి టిఫిను వెంట ఉంటే పదకొండు లోపు చూడాల్సింది చూసేయొచ్చు. ఆపైన ఎండ మాడుస్తుంది.

టిఫిను ఇంట్లో చేసి తెచ్చుకోవడమే మంచిది. అక్కడ పొయ్యి పెట్టకూడదు. కిందంతా ఎండుటాకులే. ఒక్క బీడీ ముక్క చాలు అంటుకోవడానికి. మోదుగు వెనకాలే ఇప్ప పూస్తుంది. రాలిన ఇప్పపూలు ఏరడానికి వీలుగా చెట్ల కింద ఆకులు కాల్చినప్పుడు కూడా ఆ మంట అడవిలోకి పాకుతుంటుంది. దూరం నుంచి చూస్తే ఏది పూల ఎరుపో, ఏది మంటో తెలియని కాలం అది.

చెట్టెక్కి కొమ్మలు విరవడం ఎందుకు? కింద రాలినవే బోలెడు. గుప్పెళ్లతో ఏరి సంచిలో వేసుకుని, ఇంటికొచ్చాక నీడలో ఆరబెట్టి డబ్బాలో దాచుకుంటే పండగ ఎంత ఆలస్యమైనా పరవాలేదు. ఒకప్పుడు జాజిరి ఆడే పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇదే పద్ధతి. ముందురోజు రాత్రి నీళ్లలో నానేసి, లేదా ఓ పొంగు రానిచ్చి వడగడితే నారింజ పసుపు రంగు దిగుతుంది. ప్యాకెట్ రంగుల్లా కళ్లు మండించదు. తెల్లచొక్కాలు మాత్రం జాగ్రత్త!