కారు కొనేముందు ఇంజన్ లెక్క చూడండి: అవ్వా, బువ్వా రెండూ కావాలంటే కష్టమే

పలమనేరు: మన పల్లెల్లో కారు కొనేవారి సంఖ్య ఏటేటా పెరుగుతోంది. పాలు, టమాటా, పట్టుగూళ్లు అమ్మిన సొమ్ముతో కొందరు, బ్యాంకు అప్పుతో కొందరు, బాడుగకు తిప్పుకొని బతుకుదామని మరికొందరు కొంటున్నారు. అయితే రంగు, సీట్లు, ఏసీ చూసినంత శ్రద్ధగా ఇంజన్‌ను చూసేవారు తక్కువ. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నడిపించి, మేత ఎంత తింటుందో విచారించే రైతు, కారు దగ్గరికి వచ్చేసరికి "లీటరుకు ఎంత ఇస్తుంది?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకొంటున్నాడు. తర్వాత మొగిలి ఘాటులో బండి లాగకనో, నెల తిరిగేసరికి కంతు కట్టలేకనో అవస్థ పడుతున్నాడు.

మూడు కోరికలు, ఒకటే ఇంజన్

కారు కొనేవారికి మూడు కోరికలుంటాయి. బండికి బలం ఉండాలి, కూర్చుంటే సుఖంగా ఉండాలి, నూనె తక్కువ తాగాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవే. సుఖం కావాలంటే పెద్ద సీట్లు, ఏసీ, వెడల్పాటి బాడీ కావాలి. వీటన్నిటితో బరువు పెరుగుతుంది. ఆ బరువును లాగాలంటే పెద్ద ఇంజన్ కావాలి. పెద్ద ఇంజన్‌కు మేత ఎక్కువ. మేత తగ్గించాలని చిన్న ఇంజన్ పెడితే ఎక్కుడు దారిలో అది రొప్పుతుంది. కనుక మూడింటిలో తనకు ఏది ముఖ్యమో కొనేవారే ముందు తేల్చుకోవాలి.

పాత బండ్లు నేర్పిన పాఠం

ఈ సంగతి మన రోడ్లపై తిరిగిన పాత కార్లను చూస్తే తెలుస్తుంది. అంబాసిడర్ కారు బరువు 1,100 కిలోలకు పైమాటే. దాని డీజిల్ ఇంజన్ 1,489 సీసీ. బలం 40 హార్స్ పవర్‌కు మించదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 ఇంజన్ 796 సీసీ మాత్రమే. బలం ఇంచుమించు అంతే అయినా, బండి బరువు సుమారు 650 కిలోలు. అందుకే చిన్న ఇంజన్‌తోనే అది చురుకుగా పరుగెత్తింది, నూనె తక్కువ తాగింది. అయినా బాడుగ డ్రైవర్లు చాలాకాలం అంబాసిడర్‌నే నమ్ముకొన్నారు. పెళ్లివారిని, మూటలను, ముల్లెలను ఇముడ్చుకొని, చౌక డీజిల్‌తో మెల్లగానైనా ఊరు చేర్చే బండి అది. ఇంటిల్లిపాదికి మారుతి, బాడుగకు అంబాసిడర్. ఎవరి అవసరానికి తగిన ఇంజన్‌ను వారు ఎంచుకొన్నారు.

సుఖానికి పెద్దపీట వేసి, ఇంజన్‌ను మరచిన బండ్ల కథ వేరు. 1984లో వచ్చిన కాంటెస్సా విశాలమైన కారు. కానీ మొదట దానికి పెట్టింది అంబాసిడర్‌లోని 1,489 సీసీ పెట్రోల్ ఇంజనే. అంత పెద్ద బాడీకి అది చాలలేదు. తర్వాత 1,817 సీసీ ఇసుజు ఇంజన్ పెట్టాకగానీ బండికి ఊపు రాలేదు. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 తెచ్చింది. దాని బాడీ బ్రిటన్‌లో మూడున్నర లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌తో పేరు తెచ్చుకొన్న రోవర్ కారుది. ఇక్కడ మాత్రం పాతకాలపు 1,991 సీసీ ఇంజన్ అమర్చారు. అటు బలమూ లేదు, ఇటు మైలేజీ రాదు. మూడు నాలుగేళ్లకే ఆ కారు తయారీ ఆగిపోయింది.

ఘాటు వేరు, బయలు వేరు

కంపెనీ చెప్పే మైలేజీ పరీక్షశాలలో తేల్చిన లెక్క. మన రోడ్డు మీద అంత రాదు. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు, తిరుమల కొండ ఎక్కేటప్పుడు బండికి కావలసింది వేగం కాదు, లాగుడు బలం. దీనినే టార్క్ అంటారు. హార్స్ పవర్ అంకెతోపాటు టార్క్ అంకె కూడా అడిగి తెలుసుకోవాలి. ఎంత తక్కువ ఇంజన్ వేగంలో ఆ బలం అందితే ఘాటులో అంత సులువు. డీజిల్ బండ్లు కొండపై తేలికగా లాగడానికి కారణం ఇదే.

టర్బో అమర్చిన చిన్న పెట్రోల్ ఇంజన్లు కూడా ఇప్పుడు బాగానే లాగుతున్నాయి. అయితే తొక్కినకొద్దీ అవి తాగుతాయి. ఏసీ కూడా ఇంజన్ బలం మీదే నడుస్తుంది. చిన్న ఇంజన్ కారులో అయిదుగురు కూర్చుని ఏసీ వేసి కొండ ఎక్కితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. సీఎన్‌జీ బండికి ఖర్చు తక్కువేగానీ, పెట్రోలు మీద నడిచినంత బలం ఉండదు. డిక్కీలో చాలా చోటు సిలిండరుకే పోతుంది. దగ్గరలో గ్యాస్ బంకు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

డీజిలా, పెట్రోలా?

2012లో ఒక దశలో లీటరు పెట్రోలుకు, డీజిల్‌కు మధ్య ముప్పై రూపాయల దాకా తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ అదుపు ఎత్తివేశారు. నేడు ఆ తేడా బాగా తగ్గింది. కనుక పాత లెక్కలు ఇప్పుడు పనికిరావు.

ఒక ఉదాహరణ చూద్దాం. డీజిల్ కారు లక్షన్నర ఎక్కువ అనుకొందాం. పెట్రోల్ కారు లీటరుకు 15, డీజిల్ కారు 20 కిలోమీటర్లు ఇస్తాయనుకొందాం. లెక్క సులువు కావడానికి రెండు నూనెలూ లీటరు వంద రూపాయలే అనుకొందాం. నెలకు 500 కిలోమీటర్లు తిరిగే ఇంటి బండికి ఏడాదిలో మిగిలేది పదివేలు. పెట్టిన లక్షన్నర తిరిగిరావడానికి పదిహేనేళ్లు పడుతుంది. అదే నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బాడుగ బండికి ఏడాదికి అరవై వేలు మిగులుతుంది. రెండున్నరేళ్లలో పెట్టుబడి చేతికి వస్తుంది. డీజిల్ ధర పెట్రోలు కంటే కొంత తక్కువ గనుక ఈ గడువు కాస్త తగ్గవచ్చు. కానీ సర్వీసు ఖర్చు డీజిల్‌కే ఎక్కువన్నది మరువరాదు.

ఇంకొక సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగగొట్టంలో మసిని పట్టే వడపోత పెడుతున్నారు. బండి అప్పుడప్పుడూ దూరం, ఆగకుండా నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ సంతకో, బడికో నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చేవారికి ఆ వడపోత మూసుకుపోయి ఖర్చు తగులుతుంది. అలాగే పాత డీజిల్ కారు చౌకగా వచ్చిందని తొందరపడరాదు. ఇంజెక్టర్లు, టర్బో చెడితే మిగిలిందనుకొన్న సొమ్ము మెకానిక్ షెడ్డుకే సమర్పించుకోవాలి.

పన్ను కూడా ఇంజన్‌ను బట్టే

నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీకి, డీజిల్ ఇంజన్ 1,500 సీసీకి మించని కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటిన పెట్రోల్, డీజిల్ కార్లపై 40 శాతం. సీసీ కాస్త పెరిగితే ధర ఎంత పెరుగుతుందో దీనిని బట్టి ఊహించవచ్చు.

కొనదలచినవారు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో, ఎందరు ఎక్కుతారో, ఘాటు ఎక్కవలసిన పని ఎంతో ముందుగా కాగితం మీద వేసుకోవాలి. నలుగురిని ఎక్కించుకొని, ఏసీ వేసి, ఎక్కుడు దారిలో నడిపి చూడాలి. షోరూమువారు చదును రోడ్డుపై ఒక చుట్టు తిప్పి చాలంటే ఒప్పుకోరాదు. కంతులు అయిదారేళ్లు కట్టవలసినది మనమే. ఒక పూట ఎక్కువ తిరిగి చూసినందువల్ల నష్టం లేదు.