చొంగ కార్చు పశువు: నోట చేయి పెట్టుటకు ముందు



జగిత్యాల ప్రాంతపు తోటలలో మామిడికాయ కోతలు ముగియు దినములు. కొట్టములోని ఆవు మేత మాని, మెడ చాచి, నోటినుండి తీగలు తీగలుగా చొంగ కార్చుచు నిలుచున్నది. ఇంటివారికి మొదట తోచు మాట ఒక్కటే: "టెంక గొంతులో పడినది". వెంటనే ఒకరు కొమ్ములు పట్టుదురు, ఒకరు ముక్కుతాడు లాగుదురు, మరియొకరు మోచేతి దాక చేయి నోటిలోనికి చొప్పించి వెదకుదురు. నిజముగా టెంకయే కావచ్చును. కాని అదే పశువు నెల క్రిందట మేతబీడులో పిచ్చికుక్క కాటు తిన్నదై ఉండవచ్చును. అట్లయినచో ఆ చొంగలోనే మనిషికి మృత్యువు పొంచియున్నది.

చొంగ ఒక్కటే అయినను దానికి కారణములు పెక్కు. కారణమును బట్టి చికిత్స మారును. మనము తీసికొనవలసిన జాగ్రత్తయు మారును. కావున పశువు నోటిని ఎట్లు చూడవలెనో, అందు పశువైద్యుని పని ఎంతో, ప్రయోగశాల పని ఎంతో తెలిసికొనుట ప్రతి పాడిరైతునకు అవసరము.

పశువు నోటి నిర్మాణము

సంతలో ఎద్దును కొనునప్పుడు మీరు మొదట చూచునది పళ్ళే. రెండు పళ్ళు వేసినచో రెండేండ్లు దాటినదనియు, ఎనిమిది పళ్ళును వచ్చినచో నాలుగు, నాలుగున్నర ఏండ్లు నిండినవనియు లెక్క కట్టుదురు. ముందుపళ్ళు క్రింది దవడకు మాత్రమే ఉండును. పై దవడన వాని స్థానములో గట్టి చిగురు ఉండును. దవడపళ్ళు పైన పండ్రెండు, క్రింద పండ్రెండు. అన్నియు కలిసి పశువునకు ముప్పది రెండు పళ్ళు.

ముందుపళ్ళు పైన లేనందున పశువు మేతను నాలుకతో చుట్టి, తెంచి, సరిగా నమలకయే మ్రింగి, తరువాత తీరికగా నెమరు వేయును. అందుచేతనే తీగముక్క, మేకు, టెంక వంటివి తెలియక లోపలికి పోవును. అందుచేతనే నాలుకపై చిన్న పుండు పడినను పశువు మేత మానివేయును.

చొంగకు ముఖ్యకారణములు

1. గొంతులో అడ్డు: మామిడి టెంక, తాటి టెంక, గింజలు తీసిన మక్కజొన్న కంకి సామాన్యముగా అడ్డుపడు వస్తువులు. పశువు అంతకు కొద్దిసేపటి ముందువరకు ఆరోగ్యముగనే ఉండును. జ్వరముండదు. నీరు త్రాగబోయిన ముక్కునుండి తిరిగి వచ్చును. మెడ ఎడమప్రక్క గడ్డవలె తగులవచ్చును. త్రేన్పు రానందున ఎడమడొక్క ఉబ్బును. ఇట్టి పశువునకు నూనెగాని, నాటుమందుగాని గొట్టముతో పోయరాదు. అది దారి తప్పి ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. కర్రతో పొడిచి క్రిందికి త్రోయుట మరియు ప్రమాదము, అన్నవాహిక చీలును. పశువైద్యుడు నోటికి కట్టె బిగించి, చేతితోగాని గొట్టముతోగాని అడ్డును తీయును. అది సాధ్యము కానిచో మెడవద్ద కోసి తీయును. కడుపుబ్బరము మితిమీరినచో ముందుగా డొక్కలో సూదిగొట్టము దింపి గాలిని వదలును.

2. గాలికుంటు: ఇది వైరసు వ్యాధి. 104 నుండి 106 డిగ్రీల వరకు జ్వరము వచ్చును. నాలుక మీద, చిగుళ్ళ మీద, గిట్టల నడుమ నీటిపొక్కులు లేచి చిట్లి పుండ్లగును. పశువు నోటితో చప్పరించుచు, కుంటుచు ఉండును. పాలు తగ్గిపోవును. ఒకదాని వెంట ఒకటిగా మందలోని పశువులన్నిటికి అంటును. పెద్ద పశువులు చాలవరకు బ్రతుకును గాని లేగదూడలు గుండె దెబ్బతిని హఠాత్తుగా చచ్చును. కోలుకొనిన సంకరజాతి ఆవులు కొన్ని ఎండకు తాళలేక రొప్పుచుండును.

3. పురుగుమందు విషము: మందు చల్లిన చేనిలో మేసినను, మందు కలిపిన డబ్బాలోని నీరు త్రాగినను నురుగుతో చొంగ కారును. కన్నీరు, వణుకు, కంటిపాప చిన్నదగుట, ఊపిరి ఆడకపోవుట దీని గుర్తులు. గంటల లెక్కన చికిత్స జరుగవలెను. మందు డబ్బాను పారవేయక వైద్యునికి చూపవలెను. విరుగుడు ఏదో ఆ పేరును బట్టియే నిర్ణయమగును.

4. గొంతువాపు: దీనినే గురకరోగమందురు. తొలకరి వానలతో వచ్చును. తీవ్రజ్వరము, గొంతు క్రింద వేడిగానున్న వాపు, గురకతో కూడిన ఊపిరి. సకాలమున చికిత్స లేనిచో ఒక దినములోనే పశువు చావవచ్చును. వానలకు ముందు టీకా వేయించుటయే దీనికి మార్గము.

5. రేబిస్: పిచ్చికుక్క కాటువలన వచ్చును. కాటు తిన్న పిమ్మట కొన్ని వారములకో, నెలలకో లక్షణములు తోచును. పశువు స్వభావము మారును. మాటిమాటికి బొంగురు గొంతుతో అరచును, మూత్రమునకు ముక్కును, ఒక్కొక్కప్పుడు మీదికి వచ్చును. కొన్ని పశువులు ఏ ఉద్రేకము లేక మందకొడిగా నిలుచుండును. గొంతు కండరములు పడిపోయినందున మ్రింగలేక చొంగ కార్చును. చూచువారికి అచ్చముగా టెంక అడ్డుపడినట్లే కనపడును. ఇక్కడనే మోసపోవుదుము.

కావున సూత్రమొక్కటి గుర్తుంచుకొనుడు: కారణము తెలియని చొంగ కనపడినప్పుడు, అది రేబిస్ కాదని తేలు వరకు, వట్టి చేయి నోట పెట్టరాదు.

చొంగ తగిలినచో

చేతికి గీతలు, పగుళ్ళు, గాయములు ఉండి వానికి చొంగ తగిలినను, కంటిలోగాని నోటిలోగాని పడినను ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగవలెను. కంటిని వట్టి నీటితో కడుగవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. ఆ దినమే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా ఆరంభించి, వైద్యుడు చెప్పిన మోతాదులన్నియు పూర్తి చేయవలెను. రేబిస్ లక్షణములు మనిషిలో బయటపడిన పిమ్మట బ్రతికించు మందు లేదనియే చెప్పవచ్చును. కాని ముందుగా టీకా తీసికొనినచో ఆ ప్రమాదమును తప్పించుకొనవచ్చును. 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చరు పిచ్చికుక్క కరచిన బాలునికి తొలిసారి టీకా వేసిననాటి నుండి ఈ సత్యము నిలిచియున్నది.

అనుమానమున్న పశువు పాలు వాడరాదు. తెలియక కాచిన పాలు త్రాగినవారు భయపడనక్కరలేదు. మరిగించినచో ఆ వైరసు నశించును. పశువునే కుక్క కరచినట్లు కంటబడినచో వెంటనే గాయమును చేతితొడుగు వేసికొని సబ్బునీటితో కడిగి, పశువైద్యునిచే టీకాలు వేయింపవలెను. లక్షణములు వచ్చువరకు ఆగరాదు.

ప్రయోగశాల చేయు పని

కంటికి ఒకేవిధముగా తోచు రోగములను వేరుచేసి చూపునది ప్రయోగశాల. చచ్చిన పశువు మెదడునుండి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి రేబిస్‌ను నిర్ధారింతురు. ఇటలీ దేశపు వైద్యుడు నెగ్రీ 1903లో అట్టి మెదడు కణములలో ప్రత్యేకమైన చుక్కలను కనుగొనెను. 1958 నుండి వెలుగునిచ్చు రంగుతో చేయు పరీక్ష వచ్చినది. నేటికిని అదియే ప్రామాణికము. పరీక్షలో రేబిస్ అని తేలినచో ఆ పశువు చొంగ గాయమునకుగాని, కంటికిగాని, నోటికిగాని తగిలినవారందరికి టీకా అవసరమని తెలియును. తల కోయుపని రైతు చేయరాదు; అది శిక్షణ పొందిన వైద్యుని పని.

గాలికుంటు విషయములో పొక్కుపైనున్న పొరను చిన్న ముక్కగా తీసి, ప్రత్యేక ద్రావకములో ఉంచి, చల్లగా పంపుదురు. దానివలన రోగమేకాక వైరసు రకము కూడ తేలును. ఈ వైరసులో ఏడు రకములు కలవు. మన దేశమున ఇప్పుడు తిరుగునవి ఓ, ఏ, ఆసియా-1 అను మూడు. ఒక రకమునకు వేసిన టీకా మరియొక రకమునుండి కాపాడదు. కావున ఏ ఊరిలో ఏ రకమున్నదో తెలియుట టీకా తయారుచేయువారికి ప్రాణము వంటిది.

ఈ టీకా పుట్టుకయు పశువు నాలుకతోనే ముడిపడియున్నది. జర్మనీలో లోఫ్లరు, ఫ్రోష్ అను శాస్త్రజ్ఞులు 1898 ప్రాంతమున పొక్కునీటిని సూక్ష్మమైన వడపోతలో వడబోసినను రోగము అంటుచుండుట చూచి, దీనికి కారణము బాక్టీరియాకంటె చిన్నదని తెలిపిరి. తరువాత 1947లో హాలండు దేశపు ఫ్రెంకెల్, కబేళాలో దొరకు ఆరోగ్యవంతమైన పశువుల నాలుకపొరను గాజుపాత్రలో బ్రతికించి, దానిమీద వైరసును పెంచు విధానమును కనుగొనెను. 1960 తరువాత కణములను పెద్ద తొట్లలో పెంచు పద్ధతి వచ్చినది. నేడు మన హైదరాబాదులోనే ఈ టీకా తయారగుచున్నది.

కొరుట్లలోని పశువైద్య కళాశాల ఇప్పుడు పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయములో భాగము. శస్త్రచికిత్స, రోగనిర్ధారణ, సూక్ష్మజీవశాస్త్రము అచ్చట ఒకే చోట బోధింపబడును. రైతు తెచ్చిన రోగి పశువే విద్యార్థికి పాఠము, పరిశోధకునికి ఆధారము. జగిత్యాల దగ్గర పొలాసలోని వ్యవసాయ పరిశోధనా స్థానమునకు మీరు తెగులు పట్టిన ఆకును ఎట్లు తీసికొనిపోవుదురో, రోగపు పశువు నమూనాను కూడ అట్లే వైద్యుని ద్వారా పంపించుట అలవాటు కావలెను.

గొర్రెల విషయము

గొర్రెలు, మేకలలో నోటిపుండ్లు, చొంగ, ముక్కునీరు కనపడినచో అది పి.పి.ఆర్. కావచ్చును, నీలినాలుక కావచ్చును. పి.పి.ఆర్.ను మన దేశమున తొలిసారి 1987లో తమిళనాడులో గుర్తించిరి. ఇది ఊపిరిద్వారా, తాకిడిద్వారా అంటును. కావున రోగిని వేరుచేయవలెను. నీలినాలుక చిన్న దోమవంటి కీటకముల కాటువలన వచ్చును. ఇందు వేరుచేయుట ఒక్కటే చాలదు, కీటకములను అరికట్టవలెను. పుండు ఒకటే, ఉపాయము వేరు.

2017లో ఆరంభమైన గొర్రెల పంపిణీ పథకమున పొరుగు రాష్ట్రములనుండి గొర్రెలు మన జిల్లాలకు వచ్చినవి. ఏ పథకములో వచ్చినను, సంతలో కొనినను, క్రొత్త జీవములను మూడు వారములైనను పాత మందలో కలుపక వేరుగా ఉంచుట మేలు.

టీకా విలువ

ముసరవ్యాధిని పెద్దలు మరువలేదు. అదియు నోటిపుండ్లతో, చొంగతో, పారుడుతో మందలకు మందలను తుడిచివేసెడిది. 1954లో దేశవ్యాప్తముగా టీకా కార్యక్రమము ఆరంభమైనది. 1995 తరువాత మన దేశమున ఆ రోగము కనపడలేదు. 2006లో భారతదేశము, 2011లో ప్రపంచమంతయు ముసర నుండి విముక్తి పొందినట్లు ప్రకటింపబడినది. మందుతో కాదు, ప్రతి పశువునకు టీకా వేసి, ప్రతి రోగమును తెలియజేసి సాధించిన విజయమది.

గాలికుంటునకు 2019లో జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. ఆరు మాసముల కొకసారి ఉచితముగా టీకా వేయుదురు. దూడకు నాలుగు నెలలు నిండగనే తొలి టీకా వేయింపవలెను. చెవికి వేయు పండ్రెండు అంకెల బిళ్ళను తీసివేయరాదు. టీకా లెక్క దానిమీదనే ఉండును. టీకా శక్తి వచ్చుటకు రెండు, మూడు వారములు పట్టును. కావున సంతకు పోవు ముందురోజు వేయించిన ఫలము లేదు. సిరిసిల్ల దగ్గర వేములవాడ రాజన్నకు కోడెను మ్రొక్కుకొనినవారును ఈ లెక్క చూచుకొని, ముందుగా టీకా వేయించి, ఆరోగ్యమైన కోడెనే తోలుకొని పోవుట మంచిది. పలు ఊళ్ళ పశువులు కలియుచోట ఒక్క రోగి చాలును.

రోగము వచ్చినప్పుడు

గాలికుంటు సోకిన పశువును వేరుగా కట్టవలెను. నోటిని లేతగులాబి రంగు పొటాషియం పర్మాంగనేటు నీటితో దినమునకు రెండు, మూడు మార్లు కడుగవలెను. గంజి, జావ, లేతగడ్డి పెట్టవలెను. గిట్టలను కడిగి ఈగలు వ్రాలకుండ మందు పూయవలెను. రోగపు తల్లి పాలను దూడకు విడువరాదు. ఉమ్మడి తొట్టిలో నీరు పెట్టరాదు. కొట్టమును 4 శాతము చాకలిసోడా నీటితో కడుగవలెను. రోగిని చూచినవారు చేతులు, చెప్పులు కడుగుకొనకుండ మరియొకరి కొట్టమునకు పోరాదు.

హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి నోటినుండి నల్లని రక్తము కారు పశువును మాత్రము ఎవ్వరును కోయరాదు, తోలు ఒలువరాదు. అది దొమ్మ కావచ్చును. వైద్యునికి తెలిపి, లోతుగా సున్నముతో పూడ్పింపవలెను.

గ్రామ కార్యదర్శులకు, సర్పంచులకు ఒక మనవి. ఊరిలో రెండు, మూడు పశువులు ఒకేసారి చొంగ కార్చుచున్నవని వినినప్పుడు అది ఒక ఇంటి సంగతి అని ఊరకుండరాదు. ఆ పూటనే పశువైద్యశాలకు తెలుపవలెను. 1962 నంబరుకు ఫోను చేసినను సంచార పశువైద్య వాహనమును పిలువవచ్చును. పిచ్చికుక్క ఊరిలో తిరిగినదని తెలిసినచో ఏయే పశువులను, ఏయే మనుష్యులను కరచినదో జాబితా వ్రాసి ఉంచవలెను. మూడు నెలల తరువాత ఒక ఆవు మేత మాని చొంగ కార్చిననాడు, "టెంక" అని చేయి పెట్టబోవు రైతును ఆపగలది ఆ కాగితమే.