మూత్రంలో మంట: మూలికలతో తగ్గుతుందా?

మూత్రంలో మంట అంటే మన వర్ని, బోధన్ వైపు ఇళ్లలో దాదీలు, నానీలు ముందు పల్లేరుకాయల కషాయం కాస్తారు. యునానీ హకీములు వాటినే ఖారే ఖసక్ అంటారు. చైనా వైద్యంలోనూ ఈ బాధకు మూలికల మిశ్రమాలున్నాయి. అవి నిజంగా పనిచేస్తాయా?

2015లో కోక్రేన్ సంస్థ పరిశోధకులు 542 మంది స్త్రీలపై జరిగిన 7 అధ్యయనాలను పరిశీలించారు. యాంటీబయోటిక్‌తో పాటు చైనా మూలికలు వాడితే ఇన్ఫెక్షన్ మళ్లీ రావడం తగ్గవచ్చని తేలింది. అయితే అవి చిన్న అధ్యయనాలు, జరిపిన తీరులోనూ లోపాలున్నాయి. ఆశ ఉంది కానీ గట్టి రుజువు లేదు.

మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని బడిలో ఆడపిల్లలు నీళ్లే తాగరు. నాట్లకు వెళ్లే తల్లులదీ అదే బాధ. మంట మొదలైనా సిగ్గుతో చెప్పరు, కషాయంతో వారం గడిపేస్తారు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వచ్చాయంటే ఇన్ఫెక్షన్ మూత్రపిండాలకు పాకి ఉండవచ్చు. గర్భిణులైతే ఒక్కరోజూ ఆగకూడదు.

కషాయం తాగేవారిని తప్పుపట్టను. ముందు మూత్ర పరీక్ష చేయించుకోవాలి, డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడాలి. దాతలారా, ఒక పేద తల్లి పరీక్ష ఖర్చు భరించినా, ఒక బడికి తలుపున్న మరుగుదొడ్డి కట్టించినా అదీ సదఖాయే.