పంచదార డబ్బా దాచేస్తే కణితి పస్తుంటుందా?

క్యాన్సర్ అని తేలిన మర్నాడే చాలా ఇళ్ళలో పంచదార డబ్బా అటకెక్కుతుంది. ఈ భయం ఊరికే పుట్టలేదు. కణితి కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజ్‌ని పూర్తిగా మండించవని, సగంలో ఆపి లాక్టిక్ ఆమ్లంగా వదిలేస్తాయని 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ గమనించాడు. క్యాన్సర్‌ని వెతికే పెట్ స్కాన్ ఆధారపడేది ఈ గ్లూకోజ్ ఆకలి మీదే. అయితే ఆ స్కాన్‌లో కణితితో పాటు మెదడూ ధగధగలాడుతుంది!

అపోహ: తీపి మానేస్తే కణితి మాడి చస్తుంది.

వాస్తవం: మనం తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోనిది అందుకే. పైగా కణితిని చంపాల్సిన టి కణాలనే రోగనిరోధక కణాలకూ పోరులో దిగగానే అదే గ్లూకోజ్ కావాలి. షుగరు జబ్బు ఉంటే సంగతి వేరు. అసలే చిక్కిపోతున్న మనిషికి అన్నం కూడా తగ్గించడం మాత్రం నాకు క్రూరంగానే తోస్తుంది.

అపోహ: గ్లూకోజంతా కణితి కణాలే మింగేస్తాయి.

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్ళ అపోహ. గ్లూకోజ్ కోసం కణితికీ టి కణాలకూ పోటీ ఉందని 2015లో ఎలుకల మీద ప్రయోగాలు చూపాయి. 2021లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ పరిశోధకులు ఎలుకల కణితుల్లో ఏ కణం ఎంత తీసుకుంటోందో విడివిడిగా కొలిచారు. ఒక్కో కణం లెక్కన ఎక్కువ గ్లూకోజ్ లాగినవి మాక్రోఫేజ్‌ల వంటి రోగనిరోధక కణాలే. క్యాన్సర్ కణాలు ఎక్కువగా లాగింది గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని. అంటే దొంగ ఇంట్లోవాడే!

ఇక కణితిలో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం సంగతి. ఆ పులుపులో టి కణాలు డీలా పడతాయి. వాటికి కళ్ళెం వేసే నియంత్రక టి కణాలేమో లాక్టేట్‌నే తిని నిలదొక్కుకుంటాయి.

అపోహ: ఆల్కలీన్ నీళ్ళు ఆ ఆమ్లాన్ని విరిచేస్తాయి.

వాస్తవం: విరవవు. ఏం తాగినా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు రక్తం పీహెచ్‌ని 7.4 దగ్గరే పట్టి ఉంచుతాయి.

అపోహ: కషాయాలతో ఇమ్యూనిటీ పెంచితే చాలు.

వాస్తవం: చాలాసార్లు టి కణాలు కణితి లోపలే ఉంటాయి, పనిచేయలేక. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి వాటిని నీరసపరిచే ఐడీఓ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటే తేరుకుంటాయని శాస్త్రవేత్తలూ ఆశపడ్డారు. ఎపకాడోస్టాట్ అనే మందును ఇమ్యునోథెరపీకి జోడించి, ముదిరిన మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) రోగుల మీద పెద్ద పరీక్ష జరిపారు. 2018లో ఫలితం వచ్చింది: అదనపు ప్రయోజనం లేదు.