లాగితే సాగేది ఒకటి, లాగితే ముడుచుకునేది ఒకటి

మోటారు సైకిలు స్టాండు దగ్గరున్న స్ప్రింగును ఎప్పుడైనా గమనించారా? స్టాండు వేసినప్పుడూ, లేపినప్పుడూ దాన్ని పట్టి ఉంచేది అదే. ఒకే స్ప్రింగు రెండు ఎదురు దిక్కులకు ఎలా లాగుతుందంటే, స్టాండు తిరిగే బోల్టుకు మొదట ఒక పక్కన ఉండే స్ప్రింగు, స్టాండు సగం తిరిగేసరికి ఆ బోల్టును దాటి రెండో పక్కకు వచ్చేస్తుంది. సరిగ్గా దాటే చోటే అది అన్నిటికన్నా ఎక్కువ సాగి ఉంటుంది. కాలితో తోస్తుంటే సగం దాకా బిగువుగా ఉండి, ఆ తర్వాత స్టాండు తనంతట తానే టక్కున వెళ్లి కూర్చునేది అందుకే.

ఇలా రెండు చివర్లా కొక్కేలుండి, లాగితే సాగే స్ప్రింగును ఎక్స్‌టెన్షన్ స్ప్రింగు అంటారు. చిత్రమేమిటంటే, స్ప్రింగు సాగుతున్నా అందులోని తీగ దాదాపు సాగదు, మెలి తిరుగుతుంది. చుట్టు చుట్టులోనూ తీగ కొద్దికొద్దిగా మెలి పడితే, అదంతా కలిసి మన కంటికి సాగినట్టు కనిపిస్తుంది.

తీగ లావు కొంచెం మారితే చాలు, స్ప్రింగు గుణమే మారిపోతుంది. లావు రెట్టింపైతే బిగువు 16 రెట్లవుతుంది. 2 మిల్లీమీటర్ల తీగ బదులు 2.2 తీగతో అదే కొలతల్లో చుట్టించినా బిగువు 46 శాతం పెరుగుతుంది. చుట్టు వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. చుట్ల సంఖ్య రెట్టింపైతే సగమవుతుంది. పాత స్ప్రింగుకు జత వెతికేటప్పుడు పొడవు ఒక్కటే చూసి కొనేవాళ్లు ఎక్కువ. నా మాట వింటే ముందు తీగ లావును వెర్నియర్‌తో కొలవండి, పొడవు సంగతి తర్వాత.

వదులైన స్ప్రింగును సగానికి కోసి, చివర మళ్లీ కొక్కెం వంచి బిగించడం మన మెకానిక్ షెడ్లలో చూస్తుంటాం. చుట్లు సగమయ్యాయి కాబట్టి బిగువు రెట్టింపవుతుంది, పని జరిగినట్టే ఉంటుంది. కానీ అంతే దూరం సాగడానికి ఒక్కో చుట్టు ఇప్పుడు రెట్టింపు మెలి తిరగాలి. అలాంటి స్ప్రింగు ఎక్కువ కాలం ఉండదు.

కొత్త ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులో చుట్ల మధ్య వెంట్రుక కూడా దూరదు. చుట్టేటప్పుడే తీగను బిగించి, చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకునేలా చేస్తారు. దీన్ని ఇనీషియల్ టెన్షన్ అంటారు. ఆ బలాన్ని మించి లాగితే తప్ప చుట్లు విడవవు. ఇదెంతో ఇంట్లోనే తేల్చవచ్చు. స్ప్రింగు కాటాకు తగిలించి 20 మిల్లీమీటర్లు సాగేదాకా లాగితే 5 కిలోలు, 40 సాగేదాకా లాగితే 8 కిలోలు చూపిందనుకోండి. రెండో 20 మిల్లీమీటర్లకు 3 కిలోలు పట్టింది కాబట్టి మొదటి 20కీ 3 కిలోలే పట్టాలి. 5లో మిగిలిన 2 కిలోలు ఆ ముందస్తు బిగువన్నమాట. ఏ బరువూ లేకుండానే చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తోందంటే స్ప్రింగు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ సాగిందని అర్థం. దాన్ని మార్చాల్సిందే.

సాగిన కొద్దీ బలం అదే లెక్కన పెరుగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో 14 లాటిన్ అక్షరాల కలగాపులగంగా అచ్చేసి, 1678లో విప్పి చెప్పాడు. స్ప్రింగు కాటా మీద గీతలు సమాన దూరంలో ఉండేది ఈ సూత్రం వల్లే.

ఆ ముందస్తు బిగువు నుంచే ఒక గొప్ప పరికరం పుట్టింది. 1932లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లూసియన్ లాకోస్ట్, బలం మొత్తం తన పూర్తి పొడవుకే అనుపాతంలో ఉండేలా స్ప్రింగును చుట్టవచ్చని కనిపెట్టాడు. చుట్లు ఒకదానికొకటి అడ్డుపడకుంటే అది ముడుచుకుని పొడవే లేకుండా పోతుందని లెక్క. అందుకే దాని పేరు జీరో లెంగ్త్ స్ప్రింగు. తన గురువు ఆర్నాల్డ్ రాంబర్గ్‌తో కలిసి అతను తయారు చేసిన గ్రావిమీటర్, భూమ్యాకర్షణలో పదికోట్లవ వంతు తేడాను కూడా పసిగడుతుంది. భూగర్భంలో ఖనిజాలు, చమురు ఎక్కడుండవచ్చో వెతికేవాళ్లకు ఇదొక కన్ను. అదే 1932లో ఇంగ్లండులో కారు సస్పెన్షన్ ఇంజినీరు జార్జ్ కార్వర్‌డైన్, ఎటు వంచితే అటు నిలిచే టేబుల్ లైటుకు పేటెంటు తీసుకున్నాడు. ఆంగిల్‌పాయిజ్ అనే ఆ దీపంలో బరువును మోసి నిలబెట్టేవి సాగే స్ప్రింగులే.

ఇక సాగే స్ప్రింగు అసలు బలహీనత కొక్కెం దగ్గర ఉంది. ఒంట్లో తీగ మెలి మాత్రమే తిరుగుతుంది. కొక్కెం వంపు దగ్గర మెలితో పాటు వంగుడు కూడా తోడవుతుంది. తీగ తెగేది చాలాసార్లు అక్కడే. వంపు ఎంత కురచగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. చివరి చుట్ల వెడల్పును క్రమంగా తగ్గిస్తూ పోయి కొక్కెం పెట్టినవి ఎక్కువ కాలం మన్నుతాయి. సముద్రపు గాలి తగిలేచోట స్టెయిన్‌లెస్ మంచిదే గాని, అవే కొలతలతో చేయిస్తే మామూలు స్ప్రింగు ఉక్కు కన్నా ఎనిమిదో వంతు దాకా మెత్తగా వస్తుంది.

సాగే స్ప్రింగుకు మరో లోపం, ఆగమని చెప్పేవాళ్లుండరు. ఎంత లాగితే అంత సాగి, పాడైపోతుంది. డ్రాబార్ స్ప్రింగు ఉన్నది ఇందుకే. దగ్గరగా చూస్తే మధ్యలో ఎడంఎడంగా చుట్లున్న ఒత్తుడు స్ప్రింగు, దాని లోపలి నుంచి ఎదురెదురుగా దూర్చిన రెండు పొడవాటి కమ్మీలు కనిపిస్తాయి. పై కమ్మీ కాళ్లు లోపలి నుంచి దిగి కింది చుట్టును, కింది కమ్మీ కాళ్లు పైకెక్కి పై చుట్టును పట్టుకుంటాయి. రెండింటినీ చెరో వైపు లాగితే మధ్యలో స్ప్రింగు ముడుచుకుంటుంది. బరువు మితిమీరితే చుట్లు ఒకదానికొకటి ఆని అక్కడితో ఆగిపోతాయి. అంతకన్నా ముఖ్యం, స్ప్రింగు తెగినా ముక్కలు ఆ కమ్మీల మధ్యే ఇరుక్కుని ఉంటాయి, వేలాడే బరువు కింద పడదు. చోటు ఎక్కువ తీసుకుంటుంది, సాగే దూరం తక్కువ, నిజమే. అయినా కింద మనిషి ఉండేచోట, ముఖ్యంగా వరండాలో వేలాడే ఊయల కుర్చీకి, నేను వేరే రకం ఒప్పుకోను.

చీరతో కట్టే పసిపిల్లల ఉయ్యాలకు మనవాళ్లు వాడేది తరచూ మామూలు కొక్కేల స్ప్రింగే. 8 కిలోల బిడ్డను ఒక్కసారిగా అందులో వదిలితే ఆ క్షణంలో స్ప్రింగు మీద 16 కిలోల దాకా లాగుడు పడుతుంది. ఊపిన ప్రతిసారీ కొక్కెం వంపు కొద్దికొద్దిగా అలసిపోతూ ఉంటుంది. డ్రాబార్ రకం దొరక్కపోతే, స్ప్రింగుతో పాటు ఒక గొలుసు కట్టండి. దాని పై కొస స్ప్రింగు కొక్కేనికి కాదు, నేరుగా దూలానికే బిగించాలి. కింది కొస ఉయ్యాల కట్టుకే తగలాలి. స్ప్రింగు పూర్తిగా సాగినా గొలుసు కొంచెం వదులుగానే మిగలాలి. వారానికోసారి ఉయ్యాల దించి, కొక్కెం వంపు లోపలి వైపు తుప్పు గాని, సన్నని పగులు గాని, తీగ నలిగిన గుర్తు గాని ఉందేమో వెలుతురులో చూడండి. ఉంటే ఆ పూటే మార్చేయండి.